మాక్యులా క్షీణతలో అసహజ రక్తనాళాలను గుర్తించే పరికరాలు

వృద్ధాప్యంలో కంటి నేత్రపటలపు మధ్యభాగం దెబ్బతినే వ్యాధిని '''మాక్యులా క్షీణత''' అంటారు. ఈ వ్యాధికి పొడి రూపం, తడి రూపం అని రెండు రూపాలున్నాయి. తడి రూపంలో నేత్రపటలం కింద అసహజమైన కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. వాటి నుండి ద్రవం, రక్తం కారి, చికిత్స అందకపోతే కొద్ది వారాలు లేదా నెలలలోనే నడిమి చూపు పోయే ప్రమాదం ఉంది. ఈ రక్తనాళాలు బయటికి కనిపించవు. కళ్లద్దాలు మార్చినంత మాత్రాన తెలియవు. వీటిని గుర్తించడానికి ప్రధానంగా నాలుగు చిత్రణ పద్ధతులు వాడుకలో ఉన్నాయి. అవి ఫ్లోరసీన్ యాంజియోగ్రఫీ, ఇండోసయనిన్ గ్రీన్ యాంజియోగ్రఫీ, ఓ.సి.టి., ఓ.సి.టి. యాంజియోగ్రఫీ.

ఈ నాలుగూ ఒకే పని చేసే యంత్రాలు కావు. మొదటిది నాళం కారుతున్న చోటును, రెండవది లోతున దాగిన నాళాన్ని, మూడవది నిలిచిన ద్రవాన్ని, నాలుగవది రక్తప్రవాహాన్ని చూపుతాయి. కాబట్టి వీటిలో ఏది గొప్పది అన్న ప్రశ్న కన్నా, ఏ ప్రశ్నకు ఏది జవాబు చెప్పగలదు, అది రోగికి ఎంత త్వరగా అందగలదు అన్నవే ముఖ్యమైనవి. గుంతకల్లు వంటి పట్టణాలలోను, వాటి చుట్టుపక్కల పల్లెలలోను ఉండేవారికి రెండవ ప్రశ్న మరీ ముఖ్యం.

## నేత్రపటలం, మాక్యులా

కంటిగుడ్డు గోడలో మూడు పొరలున్నాయి. వెలుపలిది దృఢస్తరం, నడిమిది రక్తపటలం, లోపలిది నేత్రపటలం. నేత్రపటలాన్ని కెమేరాలోని ఫిల్ముతో పోల్చడం పరిపాటి. ఈ ఫిల్ముకు మధ్యలో సుమారు 5.5 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్రాంతమే మాక్యులా. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనికి పచ్చచుక్క అని పేరు. దీని కేంద్రంలో ఫోవియా అనే చిన్న గుంట ఉంది. రంగులను, సూక్ష్మ వివరాలను గ్రహించే కోనులు ఇక్కడ అత్యంత దట్టంగా ఉంటాయి. పత్రిక చదవడం, సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్లు ఏరడం, ఎదుటివారి ముఖం గుర్తుపట్టడం వంటి పనులన్నీ ఈ చిన్న ప్రాంతం మీదనే ఆధారపడి ఉన్నాయి.

నేత్రపటలానికి, రక్తపటలానికి నడుమ వర్ణక కణాల పొర, దాని కింద బ్రూక్ పొర ఉంటాయి. రక్తపటలం నుండి పోషకాలు ఈ పొరల గుండానే పైకి వస్తాయి. వ్యర్థాలు ఈ పొరల గుండానే కిందికి పోతాయి. వయసు మీరినప్పుడు వ్యర్థాలు పూర్తిగా తొలగక బ్రూక్ పొర వద్ద పసుపు రంగు గుట్టలుగా పేరుకుంటాయి. వీటిని డ్రూసెన్ అంటారు. ఇది వ్యాధికి తొలి గుర్తు.

## వ్యాధి రూపాలు

* '''పొడి రూపం:''' డ్రూసెన్ పెరిగి, వర్ణక కణాలు క్రమంగా నశించి, ఏళ్ల తరబడి చూపు మందగిస్తుంది. రోగులలో అధికులకు ఉండేది ఈ రూపమే.
* '''తడి రూపం:''' రక్తపటలంలోని నాళాలు బ్రూక్ పొరను ఛేదించుకొని పైకి పెరుగుతాయి. నాళాల పెరుగుదలను ప్రేరేపించే వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీను ఇందులో ముఖ్య పాత్ర వహిస్తుంది. ఈ రూపం వచ్చేవారు తక్కువే అయినా, తీవ్రంగా చూపు పోవడానికి చాలాకాలం పాటు ఇదే ప్రధాన కారణంగా ఉండేది.

తడి రూపంలోని అసహజ నాళాలను అవి ఉన్న లోతును బట్టి మూడు రకాలుగా విభజించారు. వర్ణక కణాల పొరకు కింద ఉన్నవి మొదటి రకం. ఆ పొరను దాటి నేత్రపటలం కిందికి వచ్చినవి రెండవ రకం. నేత్రపటలం లోపలనే పుట్టినవి మూడవ రకం. ఇవికాక, నాళాల చివర చిన్న బుడగల వంటి ఉబ్బులు ఏర్పడే పాలిపాయిడల్ వాస్క్యులోపతి అనే రూపం కూడా ఉంది. ఇది ఐరోపా జాతులలో కంటె ఆసియా వాసులలో ఎక్కువగా కనిపిస్తుంది. అందుచేత మన ప్రాంతపు రోగులకు పరికరం ఎంచుకునేటప్పుడు వైద్యులు దీనిని దృష్టిలో ఉంచుకుంటారు.

## లక్షణాలు, ఇంటి పరీక్ష

తిన్నని గీతలు వంకరగా కనిపించడం తడి రూపానికి ముఖ్యమైన లక్షణం. తలుపు చట్రం, కరెంటు స్తంభం, పుస్తకంలోని పంక్తులు మధ్యలో వంగినట్లు తోస్తాయి. చూసే చోట నల్లని లేదా బూడిదరంగు మచ్చ అడ్డుపడుతుంది. నొప్పి గాని, ఎరుపు గాని ఉండవు. పక్కచూపు నిలిచే ఉంటుంది కనుక రోగి ఇంట్లో తిరగగలుగుతాడు. ఇంట్లోవారికి అనుమానం రాదు. ఒక కన్ను బాగుంటే రెండవ కంటి లోపం రోగికే తెలియకపోవచ్చు.

శుక్లంలో చూపు అంతటా మసకబారుతుంది. మాక్యులా క్షీణతలో మధ్యచూపు మాత్రమే చెడుతుంది. ఈ రెండూ ఒకే కంటిలో ఉండవచ్చు. శుక్లం ఆపరేషను తరువాత కూడా మధ్యచూపు రాకపోతే దానిని వయసు మీద పడటం వలన అని సరిపెట్టుకోక నేత్రపటలాన్ని పరీక్ష చేయించాలి.

స్విట్జర్లాండు నేత్రవైద్యుడు మార్క్ ఆమ్‌స్లర్ రూపొందించిన గళ్ల పటం ఇంట్లో చేసుకోదగిన పరీక్ష. ఇది 10 సెంటీమీటర్ల చదరం. ఇందులో 5 మిల్లీమీటర్ల గళ్లు, మధ్యలో ఒక చుక్క ఉంటాయి. చదివే అద్దాలు పెట్టుకొని, పటాన్ని సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ఒక కన్ను మూసి, రెండవ కంటితో చుక్కను చూడాలి. గీతలు వంగినా, గళ్లు మాయమైనా వెంటనే వైద్యుని కలవాలి. గీతలు సరిగా కనిపించినంత మాత్రాన వ్యాధి లేదని మాత్రం చెప్పలేము.

## పరికరాల చరిత్ర

సజీవమైన కంటి లోపలి భాగాన్ని చూసే ఆఫ్తాల్మోస్కోపును జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ 1851లో లోకానికి పరిచయం చేశాడు. ఆ తరువాత నేత్రపటలం ఫోటో తీసే ఫండస్ కెమేరాలు వచ్చాయి. ఈ ఫోటోలలో డ్రూసెన్, రక్తస్రావం కనిపిస్తాయి గాని, వర్ణక కణాల పొర మరుగున ఉన్న నాళాలు కనిపించవు.

ఫ్లోరసీన్ రంగును అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1871లో తయారు చేశాడు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థులుగా ఉన్న హెరాల్డ్ నోవోట్నీ, డేవిడ్ ఆల్విస్ ఈ రంగును నరంలోకి ఎక్కించి, కంటి నాళాలలో దాని ప్రయాణాన్ని ఫోటో తీశారు. వారి పరిశోధన 1961లో ''సర్క్యులేషన్'' అనే పత్రికలో వెలువడింది. అది నేత్రవైద్య పత్రిక కాదు, హృద్రోగ శాస్త్రానికి చెందినది.

1991లో ''సైన్స్'' పత్రికలో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో తదితరులు ఓ.సి.టి. పద్ధతిని ప్రకటించారు. 1996 నుండి కార్ల్ జైస్ సంస్థ యంత్రాల ద్వారా ఇది ఆసుపత్రులకు చేరింది. ఈ ఆవిష్కరణకు గాను ఫుజిమోటో, హువాంగ్, ఎరిక్ స్వాన్సన్‌లకు 2023లో లాస్కర్ పురస్కారం లభించింది. రంగు అవసరం లేకుండా నాళాలను చూపే ఓ.సి.టి. యాంజియోగ్రఫీకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి 2015లో జైస్ వారి యాంజియోప్లెక్స్‌కు, 2016లో ఆప్టోవ్యూ వారి యాంజియోవ్యూకు లభించింది.

## ఫ్లోరసీన్ యాంజియోగ్రఫీ

మోచేతి వద్ద నరంలోకి ఫ్లోరసీన్ ద్రావణం ఎక్కిస్తారు. అది 10 నుండి 15 సెకన్లలో కంటికి చేరుతుంది. సుమారు 490 నానోమీటర్ల నీలి కాంతి దీనిపై పడితే ఇది సుమారు 520 నుండి 530 నానోమీటర్ల పచ్చని కాంతిని వెలువరిస్తుంది. ఈ ధర్మానికి ప్రతిదీప్తి అని పేరు. కెమేరా ఆ పచ్చని కాంతిని మాత్రమే గ్రహించి, సుమారు పది నిమిషాల పాటు వరుసగా చిత్రాలు తీస్తుంది.

ఆరోగ్యకరమైన నేత్రపటల నాళాల నుండి ఈ రంగు బయటికి రాదు. అసహజ నాళాల గోడలు బలహీనం కనుక వాటి నుండి కారుతుంది. డ్రిప్పు పైపులో ఎక్కడ చిల్లు పడిందో తెలియనప్పుడు నీటిలో రంగు కలిపి వదిలితే తడిసిన మట్టి రంగు చెప్పినట్లుగా, ఇక్కడ వెలుగు మచ్చ కారే చోటును చెబుతుంది. రెండవ రకం నాళాలు తొలి చిత్రాలలోనే జాలీ అల్లికలా స్పష్టంగా కనిపిస్తాయి. మొదటి రకం నాళాలు వర్ణక కణాల కింద ఉండటం వలన వాటి అంచులు అస్పష్టంగా ఉంటాయి.

'''పరిమితులు:''' కొందరికి వాంతి, వికారం కలుగుతాయి. చర్మం కొన్ని గంటలు, మూత్రం ఒకటి రెండు రోజులు పసుపు రంగులో ఉంటాయి. అరుదుగా ప్రాణాపాయకరమైన ఎలర్జీ రావచ్చు కనుక అత్యవసర మందులు సిద్ధంగా ఉన్న చోటనే చేయాలి. రంగు కారిన కొద్దీ నాళం ఆకారం వెలుగులో మునిగిపోతుంది. లోతు ఎంతో ఈ చిత్రం చెప్పదు. కనుపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తారు కనుక రోగికి తోడు మనిషి అవసరం.

## ఇండోసయనిన్ గ్రీన్ యాంజియోగ్రఫీ

ఈ పద్ధతిలో ఆకుపచ్చ రంగు ద్రావణాన్ని ఎక్కించి పరారుణ కాంతితో చిత్రాలు తీస్తారు. ఇది సుమారు 800 నానోమీటర్ల వద్ద కాంతిని గ్రహించి, సుమారు 835 నానోమీటర్ల వద్ద వెలువరిస్తుంది. ఈ కాంతి వర్ణక కణాల పొరను, పలుచని రక్తపు పొరను కూడా దాటగలదు. రంగులో దాదాపు 98 శాతం రక్తంలోని ప్రోటీన్లకు అంటుకొని ఉంటుంది కాబట్టి త్వరగా కారిపోక నాళాలలోనే నిలుస్తుంది. ఫలితంగా రక్తపటలంలోని లోతైన నాళాలు స్పష్టమవుతాయి.

పాలిపాయిడల్ వాస్క్యులోపతి నిర్ధారణకు ఇది ప్రామాణిక పరీక్ష. బుడగల వంటి ఉబ్బులు ఇందులో వెలుగు చుక్కలుగా కనిపిస్తాయి. వాటికి సూదిమందుతో పాటు కాంతిచికిత్స కూడా అవసరమా అని నిర్ణయించడానికి ఈ సమాచారం తోడ్పడుతుంది.

'''పరిమితులు:''' ద్రావణంలో అయొడిన్ సంబంధిత పదార్థం ఉండటం వలన అయొడిన్ పడనివారికి జాగ్రత్త అవసరం. ఫ్లోరసీన్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారా విసర్జితమైతే, ఇది కాలేయం ద్వారా విసర్జితమవుతుంది. కనుక తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారి విషయంలో వైద్యులు ఆలోచిస్తారు. దీనికి పరారుణ కాంతిని వాడగల కెమేరా కావాలి. ఈ వసతి సాధారణంగా పెద్ద ఆసుపత్రులకే పరిమితం.

## ఓ.సి.టి.

ఓ.సి.టి. నేత్రపటలాన్ని నిలువుగా కోసినట్లు చూపుతుంది. కోత లేదు, సూది లేదు, తాకడం కూడా లేదు. అల్ట్రాసౌండు యంత్రం శబ్దపు ప్రతిధ్వనిని కొలిచినట్లే, ఇది వెనుదిరిగిన కాంతిని కొలుస్తుంది. కాంతి వేగం అత్యధికం కాబట్టి అది తిరిగివచ్చే కాలాన్ని నేరుగా కొలవడం సాధ్యం కాదు. అందుకని కాంతిపుంజాన్ని రెండుగా చీల్చి, ఒకదానిని కంటిలోకి, మరొకదానిని అద్దం మీదికి పంపి, తిరిగి వచ్చిన రెండింటినీ కలిపి వ్యతికరణం ద్వారా లోతును లెక్కిస్తారు. ఉన్నత తరగతుల భౌతికశాస్త్రంలో చదివే మైకెల్సన్ వ్యతికరణమాపకమే దీనికి ఆధారం.

ఈ యంత్రాలలో మూడు తరాలు వచ్చాయి.

# '''టైమ్ డొమైన్:''' సెకనుకు సుమారు 400 రేఖలు చదివేవి. సూక్ష్మత సుమారు 10 మైక్రాన్లు. 2002లో వచ్చిన స్ట్రాటస్ యంత్రం ఈ తరానిది.
# '''స్పెక్ట్రల్ డొమైన్:''' 2006 నుండి వ్యాపించాయి. సెకనుకు 20,000 మొదలుకొని 85,000 వరకు రేఖలు చదివే యంత్రాలు వచ్చాయి. సూక్ష్మత 5 నుండి 7 మైక్రాన్లు. కాంతి 840 నుండి 880 నానోమీటర్లు. సిర్రస్, స్పెక్ట్రాలిస్ యంత్రాలు ఈ కోవకు చెందినవి.
# '''స్వెప్ట్ సోర్స్:''' సెకనుకు 1,00,000 లేదా అంతకు మించి రేఖలు చదువుతాయి. సుమారు 1,050 నానోమీటర్ల కాంతిని వాడతాయి కనుక శుక్లం ఉన్న కంటిలోను, వర్ణక కణాల కిందను మెరుగ్గా చూడగలవు. టాప్‌కాన్ ట్రైటాన్, జైస్ ప్లెక్స్ ఎలైట్ 9000 ఈ కోవకు చెందినవి.

చిత్రంలో నేత్రపటలం లోపల గాని, కింద గాని నిలిచిన ద్రవం నల్లని ఖాళీలుగా కనిపిస్తుంది. వర్ణక కణాల పొర పైకి ఉబ్బి ఉంటే అదీ తెలుస్తుంది. పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. అనేక సందర్భాలలో కనుపాపను పెద్దది చేసే చుక్కలు కూడా అవసరం ఉండవు. నెలనెలా మరల చేయవచ్చు. పాత చిత్రంతో పోల్చి ద్రవం తగ్గిందో పెరిగిందో చెప్పవచ్చు.

'''పరిమితులు:''' సాధారణ ఓ.సి.టి. నాళాన్ని నేరుగా చూపదు. నాళం వలన కలిగిన పర్యవసానాన్ని చూపుతుంది. ద్రవం ఇతర వ్యాధులలోనూ చేరవచ్చు. మధుమేహం వలన వచ్చే మాక్యులా వాపు ఇందుకు ఉదాహరణ. అందుచేత చిత్రంతో పాటు రోగి వయసు, డ్రూసెన్, ఇతర వ్యాధులు అన్నీ కలిపి చూసి నిర్ణయిస్తారు.

## ఓ.సి.టి. యాంజియోగ్రఫీ

ఇది ఓ.సి.టి. యంత్రమే మరింత వేగంగా పనిచేస్తూ రక్తం కదలికను పట్టుకునే పద్ధతి. ఒకే చోటును కొన్ని మిల్లీసెకన్ల తేడాతో మరల మరల చిత్రించి, ఆ చిత్రాలను పోలుస్తారు. కదలని కణజాలం అన్ని చిత్రాలలోనూ ఒకేలా ఉంటుంది. రక్తకణాలు కదులుతాయి కనుక అవి ఉన్న చోట మార్పు కనిపిస్తుంది. గుంతకల్లు జంక్షను యార్డును వంతెన మీద నుండి వెంటవెంటనే రెండు ఫోటోలు తీశామనుకుందాం. నిలిచిన బోగీలు రెండింటిలోనూ ఒకే చోట ఉంటాయి, నడుస్తున్న రైలు మాత్రం జరిగి ఉంటుంది. రెండు ఫోటోలలోని తేడాను మాత్రమే మిగిల్చితే ఏ పట్టాల మీద రాకపోకలు ఉన్నాయో తెలుస్తుంది. ఈ యంత్రం నాళాల పటాన్ని గీసేది ఇదే విధంగా.

ఈ పోలికలోనే దీని పరిమితి కూడా ఉంది. రైలు మరీ మెల్లగా కదిలితే రెండు ఫోటోలలో తేడా కనిపించదు. అట్లే రక్తప్రవాహం మందంగా ఉన్న నాళాలను ఈ పద్ధతి గుర్తించలేకపోవచ్చు. పాలిపాయిడల్ వాస్క్యులోపతిలో కొమ్మల వంటి నాళాల అల్లిక ఇందులో బాగా కనిపించినా, చివరనున్న ఉబ్బులు కొన్నిసార్లు కనిపించకపోవడానికి ఇదే కారణం.

దీని ప్రయోజనాలు:
* రంగు ఎక్కించనవసరం లేదు. ఎలర్జీ భయం లేదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి, పలుమార్లు పరీక్ష అవసరమైనవారికి అనుకూలం.
* నాళాల అల్లికను లోతుల వారీగా విడదీసి చూపుతుంది. కారిన రంగు అడ్డుపడదు.
* ఇంకా ద్రవం స్రవించని నాళాలను కూడా గుర్తిస్తుంది. అటువంటి కళ్లలో ముందుముందు ద్రవం చేరే అవకాశం ఎక్కువ కనుక తరచు పరీక్షించవలసి ఉంటుంది.

దీని పరిమితులు:
* నాళం కారుతున్నదా లేదా అన్నది చెప్పదు.
* పై పొరలోని నాళాల నీడలు కింది పొరలో నాళాలుగా భ్రమ కలిగించవచ్చు. సాఫ్ట్‌వేరు వీటిని తొలగించడానికి ప్రయత్నిస్తుంది గాని పూర్తిగా తొలగవు.
* రోగి కన్ను కదిలించినా, రెప్ప వేసినా చిత్రం చెదురుతుంది. మధ్యచూపు పోయినవారు ఒకే చోట చూపు నిలపడం కష్టం కనుక ఇది తరచు ఎదురయ్యే సమస్య.
* రక్తస్రావం గడ్డగా ఉంటే దాని కింద ఏమీ కనిపించదు.
* సాధారణంగా 3 లేదా 6 మిల్లీమీటర్ల చదరాన్నే చిత్రిస్తారు; అంతకు వెలుపలి నాళాలు పటంలోకి రావు.

'''యంత్రాల మధ్య తేడా:''' స్పెక్ట్రల్ డొమైన్, స్వెప్ట్ సోర్స్ యంత్రాలతో ఒకే కంటిని చిత్రించి పోల్చిన పరిశోధనలలో, వర్ణక కణాల కింద ఉన్న మొదటి రకం నాళాల విస్తీర్ణం స్వెప్ట్ సోర్స్ చిత్రాలలో ఎక్కువగా కనిపించింది. పొడవైన తరంగదైర్ఘ్యం లోతుకు చొచ్చుకుపోవడమే దీనికి కారణం. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క గణన పద్ధతిని వాడుతుంది. కనుక ఒక యంత్రంలో కొలిచిన విస్తీర్ణాన్ని మరొక యంత్రంలో కొలిచినదానితో పోల్చి వ్యాధి పెరిగిందనో తగ్గిందనో తేల్చరాదు. వీలైనంత వరకు అదే యంత్రం మీద మరల పరీక్ష చేయించుకోవడం మేలు.

## పోలిక పట్టిక

| అంశం | ఫ్లోరసీన్ | ఇండోసయనిన్ గ్రీన్ | ఓ.సి.టి. | ఓ.సి.టి. యాంజియోగ్రఫీ |
|---|---|---|---|---|
| చూపేది | కారే చోటు | లోతైన నాళాలు, ఉబ్బులు | ద్రవం, వాపు | ప్రవాహం ఉన్న నాళాలు |
| నరానికి సూది | అవసరం | అవసరం | లేదు | లేదు |
| లోతు వివరం | లేదు | లేదు | ఉంది | ఉంది |
| ద్రవం కారడం | తెలుస్తుంది | కొంతవరకు | పర్యవసానం మాత్రమే | తెలియదు |
| తరచు చేయడం | కష్టం | కష్టం | సులభం | సులభం |
| ముఖ్యమైన లోపం | ఎలర్జీ, నాళం ఆకారం మరుగున పడటం | ప్రత్యేక కెమేరా, అయొడిన్ | నాళం నేరుగా కనిపించదు | నీడలు, కదలిక వలన భ్రమలు |

## చికిత్సను బట్టి మారిన ప్రాధాన్యం

ఏ పరికరం ముందుకు వచ్చిందన్నది ఆయా కాలపు చికిత్సను బట్టి నిర్ణయమైంది. 1980 దశకంలో అసహజ నాళాలను లేజరుతో కాల్చేవారు. కాల్చవలసిన చోటు హద్దులు కచ్చితంగా తెలియాలి కనుక ఫ్లోరసీన్ చిత్రం తప్పనిసరి. 2000లో వెర్టెపోర్ఫిన్ కాంతిచికిత్సకు అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు కూడా నాళం రకం, పరిమాణం తెలియడానికి ఇదే ఆధారం.

తరువాత వి.ఇ.జి.ఎఫ్. ప్రోటీనును అడ్డుకునే మందులను కంటిలోనికి సూది ద్వారా ఇవ్వడం మొదలయింది. పెగాప్టానిబ్ 2004లో, రానిబిజుమాబ్ 2006లో, అఫ్లిబెర్సెప్ట్ 2011లో, ఫారిసిమాబ్ 2022లో అమెరికాలో అనుమతి పొందాయి. క్యాన్సరుకు వాడే బెవాసిజుమాబ్‌ను 2005 నుండి వైద్యులు కంటికి కూడా వాడసాగారు. అది చవక. చూపును నిలపడంలో అది రానిబిజుమాబ్‌తో సమానంగా పనిచేసిందని 2011లో వెలువడిన క్యాట్ పరిశోధన తెలిపింది. 2015లో రానిబిజుమాబ్‌కు భారతీయ తయారీ అయిన రాజుమాబ్ మన దేశంలో విడుదలైంది.

సూదిమందుల కాలంలో వైద్యుని ప్రశ్న మారింది. నాళం హద్దు ఎక్కడ అన్నది పోయి, ద్రవం ఉన్నదా, తగ్గినదా అన్నది వచ్చింది. దానికి జవాబు ఓ.సి.టి.లో ఉంది. అందువలననే ఈనాడు తొలి నిర్ధారణలోను, ఆ తరువాతి పర్యవేక్షణలోను ఓ.సి.టి. ప్రధాన స్థానం పొందింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు తడి రూపం ఉందన్న అనుమానం కలిగితే ఓ.సి.టి. చేయాలని, సందేహం తీరకపోతే ఫ్లోరసీన్ పరీక్షకు వెళ్లాలని, చురుకుగా ఉన్న తడి రూపానికి 14 రోజుల లోపు చికిత్స మొదలుపెట్టాలని సూచించాయి.

ఇంట్లోనే రోగి స్వయంగా చేసుకోగల ఓ.సి.టి. యంత్రానికి కూడా అమెరికాలో 2024లో అనుమతి లభించింది. ఇది నోటల్ విజన్ సంస్థ తయారుచేసిన స్కాన్లీ.

## తెలుగునాట పరిస్థితి

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996 నుండి 2000 వరకు ఆంధ్ర ప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వే జరిపింది. హైదరాబాదు నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలో పదివేల మందికి పైగా ప్రజలను పరీక్షించారు. 40 ఏళ్లు, ఆపైబడినవారిలో 1.82 శాతం మందికి మాక్యులా క్షీణత ఉన్నట్లు 2005లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. 60 ఏళ్లు దాటినవారిలో వ్యాధి ఎక్కువ. చుట్టలు అధికంగా తాగేవారిలోను, శుక్లం ఉన్నవారిలోను, శుక్లం ఆపరేషను అయినవారిలోను వ్యాధి ఎక్కువగా కనిపించింది. ప్రపంచవ్యాప్తంగా 2020 నాటికి 19.6 కోట్ల మందికి, 2040 నాటికి 28.8 కోట్ల మందికి ఈ వ్యాధి ఉండవచ్చునని 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో అంచనా వేశారు.

ఎల్.వి. ప్రసాద్ సంస్థ సేవలను పిరమిడ్ ఆకారంలో అమర్చింది. సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రం, 5 లక్షలకు ఒక ద్వితీయ స్థాయి ఆసుపత్రి, 50 లక్షలకు ఒక ఉన్నతస్థాయి ఆసుపత్రి అన్నది దాని నమూనా. పరికరాల పంపిణీని కూడా ఈ దృష్టితో ఆలోచించవచ్చు. అడుగు స్థాయిలో గళ్ల పటం, ఫండస్ కెమేరా. నడిమి స్థాయిలో ఓ.సి.టి.; పై స్థాయిలో రంగు పరీక్షలు, ఓ.సి.టి. యాంజియోగ్రఫీ. చేతిలో ఇమిడే లేదా తేలికగా మోయగల ఫండస్ కెమేరాలను బెంగుళూరుకు చెందిన ఫోరస్ హెల్త్, రెమీడియో సంస్థలు తయారు చేస్తున్నాయి.

### గుంతకల్లు, అనంతపురం జిల్లా

గుంతకల్లు రైల్వే డివిజను కేంద్రం. వర్షపాతం తక్కువైన అనంతపురం పీఠభూమిలో ఉంది. ఈ జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ పంట పోయిన ఏడు పనివయసువారు బెంగుళూరు మొదలైన చోట్లకు వలస పోవడం, వృద్ధులు ఊళ్లలో మిగలడం ఇక్కడ పరిపాటి. మాక్యులా క్షీణత వచ్చేది ఆ మిగిలినవారికే. కనుపాపకు చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. తోడు లేనిదే తిరిగి రాలేరు. చికిత్స ఒక్క సూదితో ముగిసేది కాదు. మొదట నెలకొకటి చొప్పున, ఆ తరువాత వ్యాధిని బట్టి మరల మరల వెళ్లవలసి ఉంటుంది. కాబట్టి పరీక్షకు ఎంత దూరం వెళ్లాలన్నది ఇక్కడ చికిత్సలో భాగమే.

రైలు సౌకర్యం వలన గుంతకల్లు వాసులకు కొన్ని దారులున్నాయి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. 2022 వరకు అనంతపురం జిల్లాలో భాగమై, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో నేత్ర విభాగం ఉంది. అక్కడ చికిత్సకు రుసుము లేదు. ధర్మవరం మీదుగా బెంగుళూరు మార్గంలో శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం రైల్వే స్టేషను వస్తుంది. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి, బెంగుళూరులో మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రి, నారాయణ నేత్రాలయ, హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ సంస్థ పేర్కొనదగినవి. బయలుదేరే ముందు ఆ ఆసుపత్రిలో నేత్రపటల నిపుణులు ఏ రోజులలో ఉంటారో, కావలసిన పరీక్ష ఉన్నదో లేదో ఫోనులో కనుక్కోవడం మంచిది.

పాత చిత్రాలను, నివేదికలను భద్రపరచి ప్రతిసారి వెంట తీసుకుపోవాలి. దూరాన ఉన్న పెద్ద యంత్రం కోసం రెండు నెలలు ఆగడం కంటె, దగ్గరలో ఉన్న ఓ.సి.టి. పరీక్షను ఈ వారమే చేయించుకోవడం కంటికి మేలు చేస్తుంది. చికిత్స మొదలైన నాటికి మిగిలి ఉన్న చూపును బట్టే తరువాత నిలిచే చూపు చాలావరకు నిర్ణయమవుతుంది.

## నివారణ

పొగాకు మానడం రోగి చేతిలో ఉన్న అతి ముఖ్యమైన జాగ్రత్త. మధ్యస్థ దశలో ఉన్నవారికి కొన్ని విటమిన్లు, జింకు కలిసిన మాత్రలు వ్యాధి ముదరడాన్ని కొంత తగ్గిస్తాయని అమెరికాలో జరిగిన ఏరెడ్స్ పరిశోధన 2001లో తెలిపింది. 2013లో వెలువడిన రెండవ పరిశోధన తరువాత బీటా కెరోటిన్‌కు బదులు ల్యూటిన్, జియాజాంథిన్ వాడుతున్నారు. పొగ తాగేవారికి బీటా కెరోటిన్ వలన ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఉండటం ఇందుకు కారణం. ఈ మాత్రలను వైద్యుని సలహాతోనే వాడాలి. ఎండకు, ఈ వ్యాధికి గల సంబంధం గురించి పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు.

## ఇవి కూడా చూడండి

* కన్ను
* నేత్రపటలం
* శుక్లం
* మధుమేహం
* వ్యతికరణం
* గుంతకల్లు